ఆపా గెలిచిన వాదం

ఆచారాలను దుమ్మెత్తి పోయడానికి పెట్టుకున్న సంఘం మాది. అయినా మాకూ ఒక ఆచారం ఉండేది. నెలకోసారి ఆదివారం పొద్దున, సైదాబాద్‌లో ఒక పాల దుకాణం మీది గదిలో కలిసేవాళ్లం. వాదానికి ఒక విషయం అనుకుని, రెండు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసేవాళ్లం. ఒకదాని మీద 'ఔను', రెండోదాని మీద 'కాదు'. ఇద్దరు వక్తలు చెరొకటి తీస్తారు. ఎవరికి ఏ చీటీ వస్తే వాళ్లు ఆ పక్షమే మాట్లాడాలి, అదీ మనసు పెట్టి. సొంత అభిప్రాయాన్ని చెప్పులతో పాటు మెట్ల కింద వదిలి రావాలి. అవతలివాడి మాటను వాడికంటే బాగా చెప్పలేని మనిషికి తన మాట చెప్పే హక్కు లేదని మా నమ్మకం. 'నమ్మకం' అనే మాట వాడినందుకు మా పాతవాళ్లెవరైనా ఇది చదివితే నన్ను వదిలిపెట్టరు.

వాదం అయ్యాక అందరూ చేతులెత్తేవారు. ఎవరు బాగా వాదించారో చెప్పడానికే ఆ చేతులు. విషయం తేల్చడానికి కాదు. ఈ తేడాను ఇక్కడే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే మా సంఘాన్ని తినేసింది ఈ తేడాను మరిచిపోవడమే.

కింద దుకాణంలో పెరుగు కోసం వచ్చేవాళ్లకు పైన ఏం జరుగుతుందో సగమే తెలుసు. ఒకాయన మెట్ల దగ్గర నన్ను ఆపి, "అన్నా, పైన చిట్టీలు ఏస్తున్నరట గద, నన్ను గూడ కలుపుకోర్రి. నెలకెంత?" అని అడిగాడు. దుకాణం యజమాని మా అధ్యక్షుడు. తాతల నాటి నుంచి పాడి మీద బతికిన ఇల్లు. అందరూ ఆయన్ని సేటు అనేవారు. గల్లా దగ్గర్నుంచే ఆయన గట్టిగా, "గీ చిట్టీల నష్టమే గని లాభం లేదు తమ్మీ, నువ్వు పెరుగు తీస్కపో" అన్నాడు.

జాతకాలు చూడడం మంచిదేనని ఒకసారి నేను వాదించాల్సి వచ్చింది. వాదించి గెలిచాను. ఆ సంగతి ఇంట్లో చెబితే నా భార్య, "గదే మాట మన పిల్ల పెండ్లప్పుడు అనుంటే మా అమ్మ ఎంత సంబురపడేది" అంది. ఆమె శుక్రవారం పూజ మానదు, నేను నా వ్యాసాలు మానను. మా ఇంట్లో ఆ ఒప్పందం సంఘం కంటే పాతది.

మాలో అందరికంటే పదునైన వక్త ఆపా. ఆపా అంటే ఉర్దూలో అక్క, అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమె ఇల్లు దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు, నమాజు చదవదు. అలాగని ఎవరైనా చదువుతుంటే ఆ పక్క నుంచి చప్పుడు చేస్తూ కూడా నడవదు. మా సంఘంలో నాలాంటి వాళ్లం దేవుడి మీద పేజీలకు పేజీలు రాసేవాళ్లం. ఆపా మాత్రం దేవుడి గురించి ఒక్క ముక్క రాయగా నేను చూడలేదు. ఆమె చేసిందల్లా మధ్యాహ్నం పూట తన ఇంటి దాలాన్‌లో, అంటే లోపలి వసారాలో, చాప పరచి, వీధి తలుపు తెరిచి పెట్టడమే.

ఆ తలుపు లోంచి గల్లీ ఆడవాళ్లు వచ్చేవారు. డాక్టర్ రాసిన చీటీ చదివించుకునేవాళ్లు, పిల్లల లెక్కలు అడిగేవాళ్లు, కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందో తెలుసుకునేవాళ్లు. కొందరు ఊరికే కూర్చుని కాళ్లు చాపుకోవడానికి వచ్చేవాళ్లు. కామెర్లకు తాయత్తు కట్టించాలా, దవాఖానకు పోవాలా అని అడిగితే ఆపా ఉపన్యాసం ఇచ్చేది కాదు. "పహలే దవాఖాన. తాయత్తు వాడు యాడికి పోడు, రేపు గూడ ఆడనే కూసుంటడు" అనేది. వాళ్లు నవ్వి దవాఖానకు పోయేవారు. నేను రాసిన ఏ వ్యాసమూ ఒక్క మనిషిని దవాఖానకు పంపిన దాఖలా లేదు.

అలా వచ్చిన వాళ్లలో ఆ గల్లీలోనే ఉండే ఒక తల్లి ఉంది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసేది. ఆమె కూతురికి మూర్ఛలు. ఏదో గాలి సోకిందని ఇంటి పెద్దవాళ్లు పిల్లను ఒక బాబా దగ్గరికి తిప్పుతుంటే, ఆపా ఆ తల్లిని ఒప్పించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. గోలీలు మొదలయ్యాయి. పిల్ల మళ్లీ బడికి పోయింది. రోజూ వేయాల్సిన గోలీలు అవి, తగ్గిందని ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఆ తల్లి వారం వారం దాలాన్‌కు వచ్చేది, ఆపా అడిగేది, "ఏసినవా? ఒక్క రోజు గూడ తప్పలేదు గద?" ఆ పిల్ల ఎక్కాలు అప్పజెప్పి పోయేది.

ఇంతకు మించి మానవవాదం ఏమిటో నాకు ఈ రోజుకూ తెలియదు. కానీ అప్పట్లో ఇది నాకు చాలేది కాదు.

చాలకపోవడానికి కారణం ఉంది. దేశంలో మనుషుల్ని మతాల వారీగా ఏరి లెక్కపెడుతున్న కాలంలో, మేము నెలకోసారి పాల దుకాణం మీద కూర్చుని చీటీలు తీయడమేమిటి? 'మాకు రాజకీయాలతో పనిలేదు' అని చెప్పుకునే పెద్దమనుషుల మీద నేను నిప్పులు చెరుగుతూ రాసేవాణ్ణి. పక్కింటికి నిప్పంటుకుంటే నీళ్ల బకెట్టు ఏ రంగులో ఉండాలని చర్చించేవాడు మానవవాది కాడని రాశాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అది తప్పు మాట కాదు. దాన్ని మేము వాడిన తీరే తప్పు.

అలాంటి సమయంలో మా వకీలు నగరపాలక ఎన్నికల్లో నిలబడతానన్నాడు. కాలేజీ రోజుల నుంచి మా గదిలో పెరిగినవాడు. చిన్న కోర్టులో చిన్న కేసులు చేసేవాడు, అద్దె ఇళ్ల తగాదాలు, జీతాలు ఎగ్గొట్టిన దుకాణాల మీద నోటీసులు. పుట్టుకతో అతనిది ఏ మతమో నేను రాయను, అతనే ఎప్పుడూ చెప్పుకోలేదు. ఒక కొత్త చిన్న పార్టీ అతనికి టికెట్టు ఇచ్చింది. పోటీ చేసేది దబీర్‌పురా వైపు డివిజన్‌లో. సంఘం బహిరంగంగా మద్దతు ఇవ్వాలని, తన వేదిక మీదికి రావాలని అడిగాడు.

ముందే చెబుతున్నాను, ఈ కథలో వకీలు మోసగాడు కాడు. ఓట్ల కోసం ఏ గుడికీ పోలేదు, ఏ దర్గాకూ పోలేదు, ఎవరికీ సీసా పంచలేదు. అతను కార్పొరేటర్ అయ్యుంటే ఆ డివిజన్‌కు మేలు జరిగేదని ఇప్పటికీ అనుకుంటాను. దుర్మార్గుడి వెంట పోయి చెడిపోయి ఉంటే మాకు ఓ పాఠమైనా మిగిలేది. మేము మంచివాడి వెంటే పోయాం.

మద్దతు ఇవ్వాలా వద్దా? ఇంత పెద్ద విషయాన్ని ఎలా తేల్చాలో మాకు తెలిసిన దారి ఒక్కటే. "మనం మొదటిసంది ఎట్ల జేస్తున్నమో గట్లనే జేద్దాం" అన్నాడు సేటు. గ్లాసు తెచ్చారు. వక్తలం ఆపా, నేను. అప్పటికి మా ఇద్దరి అభిప్రాయాలు గదిలో అందరికీ తెలుసు. మద్దతు ఇచ్చి తీరాలని నేను. వద్దే వద్దని ఆపా.

నాకు 'కాదు' వచ్చింది. ఆపాకు 'ఔను' వచ్చింది.

గది అంతా ఘొల్లుమంది. ఆపా తన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "యా అల్లా" అంది. నాస్తికుల సంఘంలో ఆ మాటకు మరోసారి నవ్వులు.

"మార్చుకుందామా ఆపా?" అన్నాను.

"నక్కో భాయ్. కాయిదా కాయిదానే" అంది. వద్దు, నియమం నియమమే. లెక్కల టీచరు కదా.

ముందు నేను మాట్లాడాను. నమ్మని పక్షానికి బలమైన ఉదాహరణ వెతకాలి. నాకు దొరికింది ఆపా దాలాన్. "ఆపా దగ్గరికి గల్లీ ఆడోళ్లు ఎందుకొస్తున్నరు?" అని మొదలుపెట్టాను. "ఆమె నమాజు చదవదని వాళ్లకు ఎరుకే. అయినా వస్తరు. ఎందుకంటే ఆమె వాళ్లను ఏదీ అడగది. చందా అడగది, నమ్మకం అడగది, ఓటు అడగది. రేపు ఓటు అడిగిందనుకోర్రి. ఎల్లుండి నుంచి ఆమె ఏసుకోమన్న గోలీ గూడ పార్టీ గోలీ అయితది. మనిషి మీద నమ్మకం పోవుడు కాదు, ఆమె ఇప్పటిదాంక జేసిన పనులకు అర్థమే మారిపోతది. సంఘంల మనుషులు ఎవరికి వాళ్లు యాడికన్న పోవచ్చు. సంఘం పోవద్దు."

వాదన కోసం తయారుచేసుకున్న మాటలు నోట్లోంచి బయటికి వచ్చాక నాకు నిజంలా వినిపించాయి. అంతకు ముందు ఎప్పుడూ అలా జరగలేదు.

తర్వాత ఆపా లేచింది. కొంగు సర్దుకుని నావైపు చూసింది.

"భాయ్ నా దాలాన్ గురించి మస్తు చెప్పిండు. నా ఇల్లు నాకంటె ఆయనకే ఎక్కువ ఎరుకున్నట్టుంది. అద్దె గూడ కడ్తడేమో అడగాలె." నవ్వులు ఆగేదాకా నిలబడి, గొంతు తగ్గించింది. "నా ఇంటి ముంగట మురికినీళ్ల మోరి ఉన్నది. వాన కొడితె పొంగి గడప దాటి లోపలికొస్తది. గా నీళ్లతోనే పిల్లలకు జ్వరాలు. జ్వరానికి తాయత్తు కట్టకుర్రి, డాక్టర్ దగ్గరికి పోర్రి అని నేను చెప్త. వాళ్లు పోతరు. తగ్గుతది. మళ్ల వాన, మళ్ల మోరి, మళ్ల జ్వరం. మోరికి మందు ఏ డాక్టర్ రాస్తడు? నేను ఇన్నేండ్లు చేసిందేంది? మోరి పక్కన కూసుని గోలీలు లెక్కపెట్టిన. నేను నోరు మూస్కుంటెనే నా తలుపు తెరిచి ఉంటదని భాయ్ అంటుండు. మరి గా తలుపు నాదా? నా నోటికి తాళమేసి తెరిచిన తలుపు ఎవరిది?"

కూర్చుంది. నేను నా జీవితంలో చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని ఇచ్చాను. అంత బాగా మాట్లాడిన మనిషిని చూడలేదు. ఆమె తాను నమ్మని మాటను అంత బాగా చెప్పింది.

చేతులెత్తమన్నాడు సేటు. దాదాపు అన్ని చేతులూ ఆపాకే లేచాయి. నా చేయి కూడా.

"ఇంకేంది, తీర్మానం పాసైంది" అన్నాడు సేటు.

"ఆగు సేటూ" అన్నాను. "చేతులెత్తింది వాదానికి. మద్దతుకు కాదు."

"నువ్వు ఓడిపోయినవన్నా, కూసో" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు. ఓడినవాడు లేవదీసిన అనుమానం ఏ సభలోనైనా ఏడుపులాగే వినిపిస్తుంది. పైగా నేను మొదటి నుంచీ మద్దతు కావాలన్నవాణ్ణి. నేను కోరుకున్నదే జరుగుతుంటే నేనే అడ్డం పడడం ఎవరికీ అర్థం కాలేదు.

ఆపా కూడా అంది, "గెలిచిన, సరే. నా మనసుల మాట అడిగితె నేను వద్దనే అంటున్న."

సేటు నిజంగానే ఆశ్చర్యపోయాడు. కొంటెతనం కాదు, ఆయనది అమాయకమైన ఆశ్చర్యం. "గట్లెట్ల ఆపా? మీ మాట మా అందరినీ ఒప్పించింది, మిమ్మల్ని ఒప్పించలేదా? జవాబు లేదు గద మీ దగ్గర. జవాబు లేనప్పుడు వద్దంటె గది మొండితనం గాదా? మనం దేవుడు ఉన్నడనేటోళ్లను గదే గద అడుగుతం?"

ఆ మాటతో ఆమె దొరికిపోయింది. మా పెంపకం అలాంటిది. వాదనలో ఓడాక కూడా పాత మాటే పట్టుకుని వేలాడడం మూఢనమ్మకం అని ఒకరికొకరం నేర్పుకున్నాం. తన వాదనకు తన దగ్గరే జవాబు లేదు. గుండెలో ఏదో వద్దంటోంది, దాన్ని రుజువు చేయలేదు. రుజువు చేయలేని దాన్ని నమ్మకూడదు. ఇంకే మనుషులైనా అయితే 'నాకెందుకో మనసు ఒప్పుకుంటలేదు' అని లేచిపోయేవారు. మాకు ఆ వాక్యం నిషేధం. మనసు ఒప్పుకోకపోవడం కూడా ఒక్కోసారి తెలివేనని, ఇన్నేళ్లు మనుషుల మధ్య బతికిన బతుకు ఇచ్చిన తెలివి అదని మేము ఎప్పుడూ నేర్చుకోలేదు.

"హౌ, సరే" అంది ఆపా. "గెలిచినోళ్లే ముంగట నడవాలె. నేనే వస్త."

మెట్లు దిగుతుండగా నాకు తట్టింది. ఆ గదిలో చేతులెత్తిన వాళ్లలో ఆ డివిజన్‌లో ఇల్లు ఉన్నది, ఓటు ఉన్నది ఆపాకు ఒక్కరికే. మేమంతా సైదాబాద్ వాళ్లం. ఆమె గల్లీ గురించి మేము తీర్మానం చేశాం.

ప్రచారం బాగా సాగింది. బాగా సాగిందని రాయడానికి బాధగా ఉంది కానీ, నిజం. స్టేషన్ దగ్గర సాయంత్రం వీధి సభ పెడితే ఆపా దక్కనీలో మోరి గురించి మాట్లాడింది. జనం నిలబడి విన్నారు. ఒకతను లేచి, "ఆపా, మీ వకీల్ సాబ్‌ది ఏ మజహబ్?" అని మతం ఆరా తీశాడు. ఆపా ఆగకుండా, "ముందు నీ ఇంటి ముంగటి మోరీది ఏ మజహబో చెప్పు భాయ్, తర్వాత ఆయనది చెప్త" అంది. ఈలలు పడ్డాయి. మేము ఉబ్బిపోయాం. సేటు ఆ రోజు అందరికీ లస్సీ పోయించాడు. ఆపా గల్లీ మొదట్లో వకీలు బొమ్మ పక్కన ఆమె బొమ్మ పెట్టి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫొటో బాగుందని ఆమె కూడా అంది.

అవతలివాళ్లు పెద్దగా ఏమీ చేయలేదు. రాళ్లు వేయలేదు, బూతులు తిట్టలేదు. వాళ్ల కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఒక్క మాట చెప్పారు: "ఇన్నేండ్లు ఆపా మీకు ఊరికెనే చేసిందనుకున్నరా? గీ రోజు కోసమే."

అంతే.

నేను హేతువాదిని. అబద్ధాన్ని సాక్ష్యంతో కొట్టగలనని నా ధీమా. ఈ అబద్ధానికి ఏ సాక్ష్యం చూపాలి? ఆమె మంచితనాన్ని చూపిస్తే, అదిగో అదే ఎర అంటారు. ఎంత ఎక్కువ చేసి ఉంటే అంత ఎక్కువ అనుమానం. దాలాన్‌లో చాప పరిచిన ప్రతి మధ్యాహ్నం ఇప్పుడు ఓట్ల పొలానికి పెట్టిన నీళ్లయింది. ఆమె చేసిన పనులకు అర్థమే మారిపోతుందని నేను చీటీ కోసం అన్న మాటే, నేను నమ్మకుండా అన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా జరిగింది. వాదంలో నేను చెప్పింది నిజమైనందుకు నాకు కలిగిన బాధ, వాదంలో ఓడిన ఏ రోజూ కలగలేదు.

వకీలు ఓడిపోయాడు. బాగా ఓడాడు. అతను మళ్లీ కోర్టుకు పోయాడు, కేసులున్నాయి. మేము సైదాబాద్‌కు వచ్చాం, ఇళ్లున్నాయి. తర్వాతి నెల గదిలో ఎందుకు ఓడామన్న దాని మీద చర్చ. ఆపా రాలేదు. ఆ తర్వాతి నెలా రాలేదు. వక్తలుగా ఎవరిని పెట్టాలో తెలియక ఆ రోజు టీ తాగి లేచాం. జనం పలచబడ్డారు. కొందరికి పార్టీ ఎక్కువైంది, కొందరికి తక్కువైంది. సేటు ఒకరోజు కుర్చీలను చూస్తూ, "బర్రెలు గూడ గింత తొందరగ చెదరవు గదనే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అనలేదు.

నేను ఆపా ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం. తలుపు తెరిచే ఉంది. దాలాన్‌లో చాప పరిచి ఉంది, దాని మీద ఎవరూ లేరు. ఆమె గోడకు ఆనుకుని పేపరు చదువుతోంది.

"ఆవో భాయ్. ఈ మధ్య జాగ మస్తు దొరుకుతుంది, యాడ కూసుంటవో కూసో" అంది.

ఎవరూ రావడం లేదా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమే చెప్పింది. గల్లీలో ఎదురుపడితే సలాం చేస్తారట, పండగకు సేమియా కూడా పంపారట. ఎవరూ అమర్యాదగా లేరు. లోపలికి మాత్రం రారు. ఇంటి మగవాళ్లు వద్దన్నారని ఒకరు, పని ఎక్కువైందని ఒకరు. "వాళ్లను ఏమంట? వాళ్ల మగోళ్లు వేరే పార్టీల తిరుగుతున్నరు. నా గడప తొక్కితె ఇంట్ల లొల్లి. నేనే వాళ్లకు ఫికర్ తెచ్చిపెట్టిన" అంది.

"మేము తెచ్చిపెట్టినం ఆపా."

"ఛోడో. గది కాదు నా ఫికర్." పేపరు మడిచింది. "గా పిల్ల. గోలీలు. ఏస్తున్నదో ఆపిందో ఎరుక లేదు. పెండ్లయినోళ్ల ఇంట్ల అత్త మాట నడుస్తది. అత్తకు బాబా మీద గురి. నేను అడిగేదాన్ని కాబట్టి ఆమె ఏసేది. ఇప్పుడు అడిగేటోళ్లు ఎవరు? ఎదురుపడితె తల వంచుకుని పోతది తల్లి. గల్లీల నిలబెట్టి అందరి ముంగట అడగలేను, పిల్లకు రోగమున్నదని చాటినట్టయితది."

"నేను పోయి అడుగుత" అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "నువ్వు పోతె పార్టీ వచ్చిందంటరు భాయ్."

ఏళ్ల తరబడి మనిషి గురించి రాసినవాణ్ణి, నాలుగు ఇళ్ల అవతల ఉన్న ఒక పిల్ల గోలీ వేసుకుందో లేదో అడగడానికి పనికిరాకుండా పోయాను. మా సంఘంలో ఎవరూ పనికిరారు.

ఇంటికి వచ్చి ఆ మాటే చెప్పాను. నా భార్య చపాతీలు ఒత్తుతూ వింది. "పీకో చేస్తది అంటివి గద. నాయి రెండు చీరలున్నయి, ఫాల్ లేకుండ పడి ఉన్నయి. నేను పోత" అంది.

"నువ్వా?"

"నాకేమైంది? నేను మీ సంఘం దాన్ని గాదు గద."

పెళ్లయినప్పటి నుంచీ ఆ మాట మా మధ్య దెప్పుపొడుపు. ఆ రోజు అదే ఆమె అర్హత.

వెళ్లింది. నుదుట పెద్ద బొట్టు, చేతిలో చీరల సంచి. సాయంత్రానికి వచ్చింది. నేను గుమ్మంలోనే, "ఏమైంది?" అన్నాను.

"గోలీలు ఏస్తనే ఉన్నదట. డబ్బా మిషను పక్కనే పెట్టుకున్నది, చూసిన." నీళ్లు తాగింది. "పిల్ల మెడల తాయత్తు గూడ ఉన్నది."

"చూసినవా! రెండూ జేసి, తగ్గితె తాయత్తు వల్లనే అంటరు. నువ్వేమన్నవు?"

"ఫాల్ మంచిగ కుట్టినవన్న. రేపు ఇంకొక చీర తెస్త అన్న."

"గంతేనా? ఒక్క మాటన్న చెప్పొద్దా?"

"నువ్వు చెప్పినవు గదా ఇన్నేండ్లు, పేపర్ల" అంది. కోపంగా కాదు. అలసిపోయి అంది. చీరల సంచి గోడ పక్కన పెట్టి, "ఆపా మంచిగున్నరా అని అడిగింది. గా మాట గూడ అత్త లోపలికి పోయినంక, మెల్లగ" అంది.

మర్నాడు ఇద్దరం ఆపా ఇంటికి వెళ్లాం. గోలీల మాట వినగానే ఆమె కళ్లు మూసుకుంది. తాయత్తు సంగతి నేనే చెప్పాను, ఆమె ఏమంటుందోనని.

"గోలీ కడుపులకు పోతున్నదా లేదా? మెడల ఏమున్నదో మెడ చూసుకుంటది" అంది. తర్వాత నా భార్య వైపు తిరిగింది. "బహెన్, నువ్వు మళ్ల పోతవా?"

"పోత ఆపా. చీరలకేం తక్కువ?"

"అయితె జర నా పక్కన కూసో. కొన్ని చెప్త, యాదుంచుకో." నావైపు చూసి, "భాయ్, నువ్వు బయట కూసో. నిన్ను చూస్తె నాకు వాదించ బుద్ధయితది" అంది.

గడప అవతల మెట్టు మీద కూర్చున్నాను. వాన కురిసి వెలిసింది. మోరి పొంగి గల్లీ అంతా నల్లగా పారుతోంది. లోపలి మాటలు వినిపిస్తున్నాయి. ఆపా చెప్పడం, నా భార్య బడిపిల్లలా తిరిగి అప్పజెప్పడం.

"ఫిట్సు వస్తె ఏం జేయాలె?"

"పక్కకు తిప్పి పండబెట్టాలె. నోట్ల ఏం పెట్టొద్దు."

"నీళ్లు?"

"పొయ్యొద్దు. చేతుల తాళపుచెవి పెట్టొద్దు. ఆపా, మా అత్త గూడ గదే పెట్టేది, ఇంత పెద్ద బీరువా తాళపుచెవి. ఊర్ల ఎవరికి ఫిట్సు వచ్చినా ఉరికేది."

ఇద్దరూ నవ్వారు. ఆ దాలాన్‌లో నవ్వు విని చాలా కాలమైంది.

"ఏడాది రాకున్నా గోలీ సొంతంగ ఆపొద్దు. డాక్టర్ చెప్తెనే. గిది ముఖ్యం. గిది ఎట్లన్న జేసి చెప్పు."

"చెప్త."

"నా పేరు చెప్పకు."



"మరి ఎవరు చెప్పిన్రని అడిగితె ఏమనాలె? మా ఆయన చెప్పిండంటనా?"

"నక్కో! ఆయన పార్టీ మనిషి" అంది ఆపా. "మా అత్త చెప్పిందను. అత్త మాటంటె ఆ ఇంట్ల ఇంటరు."

అలాగే చెబుతోంది. నా భార్య ఇప్పటికీ ఏదో ఒక చీర పట్టుకుని ఆ ఇంటికి పోతుంది, పిల్ల గోలీలు వేసుకుంటోంది, పదో తరగతి తప్పకుండా పాసవుతుందట. ఆ గల్లీలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా నా భార్యను అడుగుతున్నారట, మీ అత్త దీనికేమనేది, దానికేమనేది అని. ఆమె వచ్చి ఆపాను అడిగి వెళ్లి, అత్త ఇట్లనేది అని చెబుతుంది. మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. చదువుకోలేదు. బతికినన్నాళ్లూ నా రాతలన్నిటికీ దిష్టి తీసి, మూర్ఛ వచ్చిన ప్రతి మనిషి చేతిలోనూ బీరువా తాళపుచెవి పెట్టింది.